డబ్లిన్ వద్దన్న యంత్రం

హైటెక్ సిటీ రోడ్ల పక్కన పొద్దున్నే రాగి మాల్ట్ బండ్లు వెలుస్తాయి. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు, వాకింగ్‌కు వచ్చినవాళ్లు నిలబడే ఒక గ్లాసు తాగి వెళ్తుంటారు. సాయంత్రానికి అదే పేటలో మైక్రోబ్రూవరీలు తెరుచుకుంటాయి. అద్దం గోడ వెనక స్టీలు ట్యాంకులు, వాటికి గొట్టాలు, గేజీలు కనిపిస్తాయి. పొద్దుటి బండిలోనూ సాయంత్రపు ట్యాంకులోనూ జరిగిన రసాయన చర్య ఒకటే. ఐర్లండ్‌లో విస్కీ తయారీ మొదలయ్యేదీ ఆ చర్యతోనే.

తైదలు (రాగులు) నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తాం. ఆ పిండితో కాచిన జావ మామూలు జావకన్నా పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. గింజ తన మొలక కోసం దాచుకున్న తిండి పిండిపదార్థం. మొలకెత్తే వేళ గింజలో అమైలేజ్ అనే ఎంజైములు పుట్టి, గొలుసుల్లా ఉండే ఆ పిండిపదార్థాన్ని ముక్కలు చేసి చక్కెరగా మారుస్తాయి. బార్లీతో చేసేదీ ఇదే పని. మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెట్టి, మరపట్టి, సుమారు 65 డిగ్రీల నీళ్లలో కలిపి ఉంచితే తియ్యని ద్రవం దిగుతుంది. వేడి ఇంకో పది పదిహేను డిగ్రీలు పెరిగిందంటే ఎంజైములు చచ్చిపోతాయి. ఆ ద్రవంలో ఈస్ట్ వేస్తే చక్కెర తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. హాప్స్ పువ్వు వేసి మరిగించి పులియబెడితే బీరు. హాప్స్ లేకుండా పులియబెడితే విస్కీకి కావాల్సిన ముడిసరుకు, డిస్టిలరీ భాషలో ‘వాష్’. అందులో ఆల్కహాలు ఏ ఎనిమిది, తొమ్మిది శాతమో ఉంటుంది. అంటే విస్కీ పనిలో సగం మన గచ్చిబౌలిలోనూ కొండాపూర్‌లోనూ రోజూ జరుగుతున్నట్టే. మిగతా సగమే ఐర్లండ్ కథ. ఆ కథను నడిపించింది మాత్రం మొదటినుంచీ ఆబ్కారీ పన్ను.

ఐర్లండ్‌లో మద్యం మీద పన్ను 1661లోనే వచ్చింది. 1785లో మాల్టు మీద, అంటే మొలకెత్తించిన బార్లీ మీద, మరో పన్ను పడింది. మొలకెత్తితేనే కదా పన్ను! డిస్టిలరీవాళ్లు మాల్టు తగ్గించి, ఆ మేరకు పచ్చి బార్లీ కలపడం మొదలుపెట్టారు. మాల్టులో ఎంజైములు పుష్కలం, పక్కనున్న పచ్చి గింజల పిండిపదార్థాన్ని కూడా అవే చక్కెర చేసిపెడతాయి. పన్ను తప్పించుకోవడానికి చేసిన ఈ పని రుచిని మార్చింది. పచ్చి బార్లీ వల్ల మందుకు నూనెలాంటి చిక్కదనం, మిరియాల ఘాటులాంటిది వచ్చాయి. పన్ను పోయినా అలవాటు పోలేదు. ఈ రోజు ‘ఐరిష్ పాట్ స్టిల్ విస్కీ’ అని రాసుకోవాలంటే మాల్టు బార్లీ కనీసం 30 శాతం, పచ్చి బార్లీ కనీసం 30 శాతం ఉండాలని అక్కడి నిబంధన. ఒకప్పటి ఎగవేత ఇప్పుడు వారసత్వమై చట్టంలోకి ఎక్కింది.

ఇక బట్టీ సంగతి. పాట్ స్టిల్ అంటే రాగిలోహంతో చేసిన పెద్ద కాగు. ఉల్లిపాయ ఆకారం, పైన మెడ, మెడ నుంచి చల్లబరిచే గొట్టం. కార్క్ దగ్గర మిడిల్టన్ పాత డిస్టిలరీలో 1825 నాటి కాగు ఇప్పటికీ ఉంది. దాని సామర్థ్యం 31,618 గ్యాలన్లు, అంటే లక్షా నలభై వేల లీటర్ల పైమాట. పని చేసే పాట్ స్టిల్స్‌లో ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదని దానికి పేరుండేది.

ఆల్కహాలు 78.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. అందుకని 78 డిగ్రీలకు వేడిచేస్తే ఆల్కహాలు మొత్తం ఆవిరైపోయి నీళ్లు కుండలో మిగిలిపోతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. రెండూ కలిసిన ద్రవం రెంటికీ మధ్యలో ఎక్కడో మరుగుతుంది, ఆవిరిలోనూ రెండూ ఉంటాయి. కాకపోతే ద్రవంలో కన్నా ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువ. ఆ ఆవిరిని చల్లార్చి, వచ్చినదాన్ని మళ్లీ మరిగిస్తే ఇంకాస్త ఎక్కువ. స్కాట్లండ్‌లో మాల్ట్ విస్కీకి ఎక్కువమంది రెండుసార్లతో ఆపుతారు. ఐర్లండ్‌లో మూడుసార్లు తీయడం వాడుక. మూడో ధార 80 శాతం దాటి వస్తుంది, స్కాచ్ ధార కన్నా తేలిగ్గా ఉంటుంది. కాగు రాగిలోహానిదే కావడానికీ కారణముంది. పులియబెట్టినప్పుడు పుట్టే గంధకపు సమ్మేళనాలకు కుళ్లిన క్యాబేజీ వాసన. వేడి రాగి వాటిని పట్టేసుకుంటుంది. ఆ పని చేసీ చేసీ కాగు గోడలు పల్చబడతాయి, కొన్నేళ్లకు మార్చాల్సిందే.

ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పసారా తీసే పద్ధతి కూడా సూత్రంలో పాట్ స్టిల్లే. అడుగు కుండలో పులిసిన పూలు, పైన చల్లనీళ్ల పాత్ర, మధ్యలో చుక్కలుగా చేరే సారా. ఇప్పపువ్వులో చక్కెర సహజంగానే ఉంటుంది గనక మొలకల తతంగం అక్కర్లేదు. 

బట్టీల గురించి ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. మొదటి ధారలోనే విషమంతా పోతుందని, అది పారబోస్తే చాలని. సగమే నిజం. మొదట వచ్చే ధారలో ఎసిటాల్డిహైడ్, ఈథైల్ ఎసిటేట్ లాంటివి ఎక్కువగా ఉంటాయి, అందుకే డిస్టిలరీలు ఆ భాగాన్ని వేరుచేస్తాయి. కానీ మెథనాల్ అంత సులువుగా ఒక్క ధారలో బయటపడదు, చివరిదాకా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. అసలు ధాన్యం పులిస్తే పుట్టే మెథనాల్ చాలా తక్కువ. కల్తీసారా తాగి పదులకొద్దీ జనం చనిపోయారని వార్త వచ్చినప్పుడు, చాలాసార్లు దాని వెనక ఉండేది ఎవరో కావాలని కలిపిన పారిశ్రామిక మెథనాల్. మొదటి ధార పారబోసినంత మాత్రాన దాని నుంచి తప్పించుకోలేరు.

మన గుడుంబా లాంటిదే ఐర్లండ్‌లోనూ ఉంది, పేరు పొచీన్. కొండల్లో చాటుగా కాసేవాళ్లు. 1810లో డొనెగల్ ప్రాంతంలో బట్టీల మీద దాడికి వెళ్లిన ఓ యువ ఆబ్కారీ అధికారిని జనం చుట్టుముట్టి కొట్టారు. పుర్రె చిట్లింది, తొడలో రెండు బాయొనెట్ పోట్లు దిగాయి. బతికాడు. పేరు ఏనియాస్ కాఫీ. (మనం తాగే కాఫీకీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు.) ఆ శాఖలోనే పైపైకి ఎదిగి ఐర్లండ్ మొత్తానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1824లో ఉద్యోగం వదిలేసి తానే డిస్టిలరీ పెట్టాడు. ఏళ్ల తరబడి తనిఖీకి వెళ్లి చూసిన బట్టీల్లో ఎంత బొగ్గు, ఎంత సమయం వృథా అవుతున్నాయో ఆయనకన్నా తెలిసినవాళ్లెవరు? 1830లో కొత్త యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

కాగుతో ఉన్న చిక్కు ఏమిటంటే ప్రతిసారీ నింపాలి, కాచాలి, ఖాళీ చేయాలి, కడగాలి, మళ్లీ నింపాలి. కాఫీ యంత్రానికి ఆగడమే లేదు. రెండు నిలువు స్తంభాలు. మొదటి స్తంభం లోపల ఒకదాని మీద ఒకటిగా చిల్లుల పళ్లేలు. పైనుంచి వేడి వాష్ పళ్లెం నుంచి పళ్లేనికి దిగుతుంటుంది. కింది నుంచి నీటియావిరి చిల్లుల్లోంచి పైకి తన్నుకొస్తుంటుంది. ప్రతి పళ్లెంలోనూ ఆవిరిలోని నీరు కొంత చల్లారి ద్రవమై తన వేడిని వదులుతుంది. ఆ వేడితో వాష్‌లోని ఆల్కహాలు కొంత ఆవిరై పై పళ్లేనికి పోతుంది. అంటే ఒక్కో పళ్లెం ఒక్కో చిన్న బట్టీ. పైకి వెళ్లేకొద్దీ ఆల్కహాలు చిక్కబడుతుంది, కిందికి దిగేకొద్దీ వాష్ వట్టి నీళ్లవుతుంది. రెండో స్తంభంలో అసలు కిటుకు ఉంది. కొత్తగా వచ్చే చల్లని వాష్‌ను ఒక మెలికల గొట్టంలో పెట్టి ఈ స్తంభం గుండా దించుతారు. బయట తిరిగే వేడి ఆవిరి ఆ గొట్టాన్ని తాకి చల్లారి మందుగా జారుతుంది. అదే సమయంలో గొట్టంలోని వాష్ వేడెక్కి మొదటి స్తంభానికి సిద్ధమవుతుంది. చల్లార్చడానికి విడిగా నీళ్లు, వేడిచేయడానికి విడిగా బొగ్గు అంతగా అక్కర్లేదు. అంతకుముందు కార్క్‌లో ఆంథొనీ పెరియర్, స్కాట్లండ్‌లో రాబర్ట్ స్టైన్ ఇలాంటి ప్రయత్నాలే చేశారు. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే రూపం ఇచ్చినవాడు మాత్రం కాఫీయే.

డబ్లిన్ పెద్దలు వద్దన్నారు. జాన్ జేమ్సన్, విలియం జేమ్సన్, పవర్స్, జార్జ్ రో, ఈ నాలుగు ఇళ్లదే అప్పట్లో విస్కీ లోకంలో మాట. స్తంభంలోంచి వచ్చేది 95 శాతానికి దగ్గరగా ఉంటుంది, అంత శుద్ధిలో గింజ వాసన, రుచి రెండూ కొట్టుకుపోతాయి, దాన్ని విస్కీ అనడానికే వీల్లేదు అన్నది వాళ్ల వాదన. 1878లో నలుగురూ కలిసి ఈ వాదనతో ఒక పుస్తకమే వేయించారు. రసాయనశాస్త్రం ప్రకారం వాళ్లు చెప్పింది చాలావరకు నిజం. రుచినిచ్చే ఎస్టర్లు, బరువైన ఆల్కహాళ్లు ఆ పళ్లేల దగ్గరే చాలావరకు వేరుపడిపోతాయి. వ్యాపారంలో మాత్రం ఆ నిజమే వాళ్లను ముంచింది. స్కాట్లండ్ వాళ్లు కాఫీ యంత్రం కొనుక్కుని, దానిలోంచి వచ్చిన చవక మందులో తమ కాగు మాల్టును కలిపి బ్లెండెడ్ స్కాచ్ తయారుచేశారు. రుచి తేలిక, ధర తక్కువ, ఏ సీసా తీసినా ఒకే తీరు. 1887లో ఆల్ఫ్రెడ్ బర్నార్డ్ డిస్టిలరీలన్నీ తిరిగి రాసిన పుస్తకంలో స్కాట్లండ్‌లో 129, ఐర్లండ్‌లో 28 లెక్కకొచ్చాయి. 1909లో రాయల్ కమిషన్ స్తంభం మందును కూడా విస్కీ అనొచ్చని తేల్చడంతో డబ్లిన్ వాదన చట్టం ముందూ ఓడిపోయింది.

ఆ తరవాత దెబ్బ మీద దెబ్బ. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం, 1930లలో బ్రిటన్‌తో వాణిజ్య తగవు. మన దగ్గర దూబగుంట మహిళల పోరాటంతో 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధమై 1997లో సడలింపులు వచ్చాయి కదా. రెండేళ్ల నిషేధానికే ఇక్కడి డిస్టిలరీలకు ఊపిరాడలేదు, ఐర్లండ్ వాళ్లకు అమెరికా బేరం పదమూడేళ్లు మూతపడింది. 1966లో మిగిలిన జేమ్సన్, పవర్స్, కార్క్ కంపెనీలు ఒక్కటయ్యాయి. 1970ల మధ్యకొచ్చేసరికి ఐర్లండ్ ద్వీపం మొత్తం మీద పనిచేస్తున్నవి మిడిల్టన్, బుష్‌మిల్స్ రెండే. ఇప్పుడు మళ్లీ నలభై దాటాయి. మరో చిత్రం, జేమ్సన్ సీసాలో ఇప్పుడు పాట్ స్టిల్ విస్కీతో పాటు స్తంభంలోంచి తీసిన గ్రెయిన్ విస్కీ కూడా ఉంటుంది. తాతలు వద్దన్నదాన్ని మనవలు కలుపుకున్నారు.

ఆల్కహాలు చిక్కదనం ఎంత పని చేస్తుందో తెలియాలంటే 1875 జూన్ 18 రాత్రి డబ్లిన్‌లో జరిగింది చూడాలి. లిబర్టీస్ పేటలో పీపాలు దాచిన గిడ్డంగి అంటుకుంది. పీపాలు పగిలి విస్కీ మండుతూ వీధుల్లో పారింది. నీళ్లు కొడితే మంట పైన తేలి మరింత దూరం పాకుతుందని అగ్నిమాపక అధికారి జేమ్స్ ఇంగ్రమ్ గుర్రపు పేడ తెప్పించి వీధికి అడ్డంగా కట్టలు వేయించాడు. మంట అదుపులోకి వచ్చింది. పదమూడు మంది చనిపోయారు, కాలి ఒక్కరూ పోలేదు. జనం టోపీలతో, బూట్లతో వీధి కాలువలోని విస్కీ ముంచుకు తాగారు. నీళ్లు కలపని పీపా మందు 60 శాతం దాకా ఉంటుంది. సీసాలో పోసేముందు దాన్ని 40 శాతానికి దించుతారు. ఆ పదమూడు మందినీ తీసుకుపోయింది ఆల్కహాలు విషమే. నెమ్మదిగా తాగినా దాని స్వభావం మారదు. శరీరంలో అది ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పీపా పన్నెండేళ్లదా పాతికేళ్లదా అన్న తేడా కాలేయానికి తెలియదు.

డబ్లిన్ వద్దన్న యంత్రం ఇప్పుడు తెలంగాణలో రాత్రింబవళ్లు నడుస్తోంది. వనపర్తి జిల్లా రంగాపూర్‌లో ఆఫీసర్స్ ఛాయిస్ విస్కీ వాళ్ల డిస్టిలరీ ఉంది. అక్కడ తయారయ్యేది ధాన్యం నుంచి తీసే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాలు, అందరూ ఈఎన్‌ఏ అంటారు. మన యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండలకు పగుళ్లిచ్చి మిల్లులో నూకలవుతాయి. డిస్టిలరీలకు నూకలు మంచి సరుకు. అయితే బియ్యపు పిండిపదార్థం బార్లీ దానిలా 65 డిగ్రీలకే విచ్చుకోదు, అంతకన్నా బాగా ఉడకాలి. ఆ వేడికి మాల్టు ఎంజైములు నిలవవు. అందుకని వేడిని తట్టుకునే బ్యాక్టీరియా నుంచి తీసిన అమైలేజ్, ఆ తరవాత బూజు నుంచి తీసిన గ్లూకోఅమైలేజ్ వాడతారు. మొలకలు వేసే పని లేనేలేదు. పులిశాక స్తంభాల్లోకి పంపిస్తారు. మిగిలిన పిప్పిని ఆరబెడితే డీడీజీఎస్, కోళ్ల దాణాలోకీ పశువుల దాణాలోకీ పోతుంది.

వరుసగా నిలబెట్టిన స్తంభాల్లోంచి వచ్చే ఈఎన్‌ఏ 96 శాతం. దానికి వాసన ఉండకూడదు, రుచి ఉండకూడదు. అలా లేకుండా చేయడమే ఆ స్తంభాల పని. మన దగ్గర అమ్ముడయ్యే చవక విస్కీల్లో ఎక్కువభాగం ఇదే, దానికి కాస్త మాల్టు మందు, కారమెల్ రంగు, నీళ్లు తోడవుతాయి. చాలాచోట్ల బియ్యానికి బదులు చెరకు మడ్డి వాడతారు. మడ్డి నుంచి తీసినదాన్ని ఐరోపా చట్టం విస్కీ అననివ్వదు.

కాఫీ స్తంభం ఒక్క మందుకే పరిమితం కాలేదు. పటాన్‌చెరు, జీడిమెట్ల ఫార్మా కంపెనీల్లో ఒకసారి వాడిన సాల్వెంట్లను శుద్ధిచేసి తిరిగి వాడుకోవడానికి నిలబెట్టే కాలమ్‌లన్నీ దాని వంశమే. 2020 మార్చిలో కొవిడ్ వచ్చినప్పుడు దేశంలో డిస్టిలరీలకు శానిటైజర్ చేసుకోవచ్చని అనుమతి వచ్చింది, వాళ్ల దగ్గర యంత్రం సిద్ధంగానే ఉంది. ఇప్పుడు పెట్రోలు బంకులో ఈ20 అని రాసి ఉంటుంది, అందులో ఐదోవంతు ఇథనాల్, అంటే ఇదే ఆల్కహాలు. బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఆగిన దాదాపు ప్రతి పెట్రోలు బైకూ అదే కాలుస్తోంది. ఇక్కడ స్తంభానికీ ఒక హద్దు ఎదురవుతుంది. బరువులో 95.6 శాతానికి చేరాక ఆవిరిలోనూ ద్రవంలోనూ ఆల్కహాలు పాలు సమానమైపోతుంది. ఆపైన ఎన్ని పళ్లేలు పేర్చినా అంగుళం జరగదు. ఇంజనుకు నీళ్లు పనికిరావు గనక మిగిలిన ఆ కాస్త నీటిని జియోలైట్ గుళికలతో పీలుస్తారు. గుళికల రంధ్రాల వెడల్పు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ అణువు దూరలేదు. ఈ ఫ్యాక్టరీలు పెట్టే ఊళ్లలో మాత్రం గొడవలున్నాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో నీళ్లు, గాలి పాడవుతాయని రైతులు రోడ్డెక్కారు. పులిసిన ధాన్యపు వ్యర్థం వాగులో కలిస్తే నీటిలోని ఆక్సిజనంతా అది లాగేసుకుంటుంది, చేపలు చస్తాయి. ఆ భయం ఊహలోంచి పుట్టింది కాదు.

మంచి కాగు, మంచి బార్లీ తెచ్చుకుంటే హైదరాబాద్‌లో ఐరిష్ తరహా విస్కీ చేయొచ్చా? బట్టీ దాకా ఇబ్బంది లేదు, చిక్కంతా పీపా దగ్గరే. కాగులోంచి దిగిన మందు నీళ్లలా తెల్లగా ఉంటుంది. రంగు, వెనిలా వాసన, కొబ్బరి వాసన అన్నీ ఓక్ చెక్క ఇచ్చేవే. లోపల కాల్చిన చెక్కలో లిగ్నిన్ విరిగి వెనిలిన్ అవుతుంది. వేడికి మందు చెక్కలోకి ఇంకుతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. ఎండలు ముదిరినచోట ఈ రాకపోకలు ఎక్కువ, అందుకే రంగు తొందరగా ఎక్కుతుంది. ఆవిరి కూడా అంతే తొందరగా పోతుంది. పీపాలోంచి ఏటా ఇలా పోయే భాగాన్ని దేవదూతల వాటా అంటారు. ఐర్లండ్‌లో అది ఏడాదికి సుమారు 2 శాతం. బెంగళూరులో అమృత్ సింగిల్ మాల్ట్ చేసేవాళ్లకు 10 శాతం దాటుతుంది. 200 లీటర్ల పీపాను పన్నెండేళ్లు ఉంచితే ఐర్లండ్‌లో 157 లీటర్లు మిగులుతాయి, బెంగళూరు లెక్కన 56. హైదరాబాద్ వేసవి బెంగళూరు కన్నా వేడి, గాలిలో తేమ ఇంకా తక్కువ. పొడిగాలిలో ఆల్కహాలు కన్నా నీరే ముందు తప్పించుకుంటుంది, కాబట్టి ఇక్కడి పీపాలో మందు తగ్గుతూ ఘాటు పెరుగుతుంది. తేమగా ఉండే ఐర్లండ్‌లో దీనికి తలకిందులు, అక్కడ ఏళ్లు గడిచేకొద్దీ ఘాటు దిగుతుంది. పన్నెండేళ్ల పీపా మనకు గిట్టదు. మూడు నాలుగేళ్లలో దించుకోవాలి, లేకుంటే చెక్క చేదు తప్ప ఇంకేమీ మిగలదు.

రంగాపూర్‌లోనే సింగిల్ మాల్ట్ తయారీ కూడా పెడతామని ఆఫీసర్స్ ఛాయిస్ కంపెనీ ప్రకటించింది. అక్కడి నుంచి ఎంత మంచి మందు వచ్చినా దానిమీద ఐరిష్ అని రాసుకోలేరు. 1980 చట్టం ప్రకారం ఆ పేరు కావాలంటే ఐర్లండ్ ద్వీపంలోనే తీసి, అక్కడే చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచాలి. నా దృష్టిలో రాసుకోవాల్సిన అవసరమూ లేదు. మన ఎండలో పండిన మందు రుచి వేరు, దానికి దాని పేరే ఉండాలి.

కొనే అలవాటున్నవాళ్లకు ఒక మాట. సీసా ముందున్న బొమ్మ కన్నా వెనక లేబుల్ ముఖ్యం. ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ అనో గ్రెయిన్ న్యూట్రల్ స్పిరిట్ అనో ఉంటే అందులో ఎక్కువ పాలు కాఫీ స్తంభానిది. సింగిల్ పాట్ స్టిల్, ఐర్లండ్ అని ఉంటే కాగుదీ, పీపాదీ. రెంటి ధరల మధ్య తేడాలో పీపా వాటా ఎంతో లెక్కవేసేముందు ఇంకొకటి గుర్తుంచుకోండి, దిగుమతి విస్కీ మీద మన దేశం ఏళ్లతరబడి వేసిన సుంకం 150 శాతం.